నాచ్‌లు లేని బండి

మా ఆవిడ ఆ నీలం ఓవరాల్‌ని పాత బట్టల మూటలో కట్టడం ఇది మూడోసారి. మూడుసార్లూ నేను గుట్టుగా బయటికి తీసి మళ్లీ బీరువా అడుగున పెట్టాను. ఎన్నిసార్లు ఉతికినా మోచేతుల దగ్గర మరకలు పోలేదు, వాసన అసలే పోలేదు. డీజిలూ, మాడిన ఇంజనాయిలూ, కాస్త తుప్పూ కలిసిన వాసన అది. "మామయ్యది ఖాకీది ఒకటి ఉంది కదా, ఆ కంపు చాలదా ఇంటికి" అంటుంది తను. నిజమే, అదీ ఉంది. రెండూ ఒకేలా వాసనొస్తాయి. ఒకటి కాజీపేటది, ఇంకోటి ఇంగ్లండ్‌ది.

నేను పెరిగింది కాజీపేట డీజిల్ కాలనీలో. నాన్న షెడ్డులో ఖలాసీగా చేరి ఫిట్టరుగా రిటైరయ్యాడు. నైట్ డ్యూటీ దిగి పొద్దున్నే ఇంటికొచ్చి, లోపలికి రాకుండా బయట నల్లా దగ్గరే కూర్చుని ముందు కిరసనాయిలుతో, తర్వాత లైఫ్‌బాయ్ సబ్బుతో మోచేతుల దాకా తోముకునేవాడు. ఆ నురగ నల్లగా కాలవలోకి పోతుంటే చూడటం నాకు సరదా. ఎంత తోమినా గోళ్ల చుట్టూ మాత్రం నల్లగీత అలాగే ఉండేది. పెళ్లిళ్లకు వెళ్తే వడ్డించేవాళ్లు ఆ చేతులు చూడకుండా విస్తరి మీదికి కాస్త ఎక్కువ వంగేవాడని అమ్మ చాలా ఏళ్ల తర్వాత చెప్పింది.

అప్పట్లో షెడ్డు నిండా డబ్ల్యూడీఎం-2 ఇంజన్లే. అమెరికాలోని ఆల్కో కంపెనీ డిజైను. 1962లో మొదటివి అక్కడి నుంచే ఓడల్లో వచ్చాయి, 1964 నుంచి వారణాసిలో మనవాళ్లే తయారు చేయడం మొదలుపెట్టారు. 16 సిలిండర్లు, 2600 హార్స్ పవర్, 112 టన్నుల పైచిలుకు బరువు. తమాషా ఏమిటంటే ఆల్కో కంపెనీ 1969లోనే మూతపడింది, మనం మాత్రం ఆ తర్వాత దాదాపు 30 ఏళ్లు ఆ బండిని చేస్తూనే పోయాం, 2 వేలకు పైగా చేశాం. చిన్నప్పుడు ఈ లెక్కలేవీ మాకు తెలియవు. తెలిసిందల్లా చప్పుడు. ఊరికే నిలబడి ఉన్నప్పుడు గుబ్... గుబ్... గుబ్ అని రోకలితో దంచినట్టు ఉండేది. డ్రైవరు పవర్ హ్యాండిల్‌ని ఒక్కో నాచ్, అంటే ఒక్కో మెట్టు, పెంచుతుంటే దంపుడు దగ్గరదగ్గరగా వచ్చి, ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో అందుకునేలోగా పొగగొట్టంలోంచి ఒక్క ఉదుటున నల్లటి మబ్బు లేచేది. ఎనిమిది నాచ్‌లు. మా కాలనీ పిల్లలం గోలీలాట ఆపకుండానే "మూడు... నాలుగు... ఐదు" అని లెక్కపెట్టేవాళ్లం.

ఒక ఆదివారం టిఫిన్ బాక్సు ఇవ్వడానికి వెళ్తే నాన్న నన్ను లోపలికి తీసుకెళ్లి ఒక పిస్టన్ చూపించాడు. తొమ్మిదంగుళాల అడ్డం. తన చెయ్యి చాచి దాని మీద పెట్టి "జానెడు, సరిగ్గా" అన్నాడు. నేను నా చెయ్యి పెట్టబోతే లాగేశాడు. "నీ చేతికి గ్రీజు అంటొద్దు" అనేది ఆయన పెట్టుకున్న నియమం. సైకిల్ చైను ఊడినా నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు, తనే ఎక్కించేవాడు. అలా ఇంజన్ల మధ్య పెరిగి కూడా స్పానర్ ఏ వైపు తిప్పితే బోల్టు వదులవుతుందో తెలియకుండా ఇంజనీరింగ్ పూర్తి చేశాను. కంప్యూటర్స్‌లో లెండి.

2011లో ప్రాజెక్టు మీద ఇంగ్లండ్‌లోని లీడ్స్ వెళ్లాను. ఆ మొదటి చలికాలం గురించి ఎక్కువ చెప్పను, వెళ్లినవాళ్లందరికీ తెలిసిందే, సాయంత్రం నాలుగింటికే చీకటి, గది హీటరు, అన్నం, పచ్చడి. ఒక శనివారం ఆఫీసులో తోటి అతను వాళ్ల పిల్లల్ని ఆవిరి బండి ఎక్కించడానికి వెళ్తూ నన్నూ తోడు తీసుకెళ్లాడు. అక్కడ అలాంటి లైన్లు చాలా ఉన్నాయి. ఎప్పుడో మూసేసిన రైల్వే లైన్లను ఊళ్లవాళ్లు, పిచ్చివాళ్లు (మంచి అర్థంలోనే అంటున్నాను) కలిసి మళ్లీ నడుపుకుంటారు. టికెట్ ఇచ్చేవాడి నుంచి గార్డు దాకా దాదాపు అందరూ జీతం లేకుండా పనిచేసేవాళ్లే.

అందరూ ఆవిరి ఇంజన్ దగ్గర ఫోటోలు దిగుతుంటే నాకు బండ్లు పక్కకు నిలిపే సైడింగ్ వైపు నుంచి ఆ వాసన తగిలింది. టార్పాలిన్ కప్పుకుని, కిటికీలకు అద్దాల బదులు చెక్కలు కొట్టి, ఒళ్లంతా తుప్పుతో ఒక డీజిల్ ఇంజన్ నిలబడి ఉంది. కింద నుంచి రెండు జతల బూట్లు కనిపిస్తున్నాయి. ఎంతసేపు నిలబడ్డానో గానీ ఒక పెద్దాయన బయటికొచ్చి, ఏం కావాలని అడిగాడు. మా నాన్న డీజిల్ ఫిట్టర్ అన్నాను, ఎందుకన్నానో తెలియదు. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి అడిగిన మొట్టమొదటి ప్రశ్న, "టీ పెట్టడం వచ్చా?"

ఆ తర్వాతి శనివారం నుంచి వెళ్లడం మొదలైంది.

ఆ బండి క్లాస్ 37. ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ కంపెనీ తయారీ, 1960 నుంచి 65 దాకా మొత్తం 309 చేశారు. 12 సిలిండర్లు, 1750 హార్స్ పవర్, ఆరు ఇరుసులకూ మోటార్లు. ముద్దుపేరు ట్రాక్టర్, చప్పుడు అలాగే ఉంటుంది మరి. వీటిలో ఎక్కువ భాగం తయారైంది న్యూటన్-లె-విల్లోస్ అనే ఊళ్లోని వల్కన్ ఫౌండ్రీలో, మాదీ అక్కడిదే. ఆ పేరు పలక మీద మట్టి తుడిచినప్పుడు నాకేమీ అనిపించలేదు, ఇంటికెళ్లి చదివాక ఒళ్లు జలదరించింది. 1853లో బొంబాయి బోరీ బందర్ నుంచి ఠాణాకు మన దేశంలో మొట్టమొదటి ప్రయాణికుల బండి నడిచిందే, దాన్ని లాగిన ఇంజన్లు వచ్చింది కూడా ఈ వల్కన్ ఫౌండ్రీ నుంచే. వందేళ్ల తేడాతో ఒకే గేటు లోంచి బయటికొచ్చాయన్నమాట.

డీజిల్ ఇంజన్లంటే అక్కడి ఆవిరి భక్తులకు చిన్నచూపు. 1968 ఆగస్టులో బ్రిటిష్ రైల్వేలో ఆవిరి బండ్లు ఆగిపోయాయి, వాటి పొట్టకొట్టింది ఈ డబ్బాలే కదా అని వాళ్ల కోపం. ఆ తర్వాత పుట్టిన పిల్లలకు ఈ డబ్బాలే బాల్యం. అవీ ఒక్కొక్కటిగా తుక్కుకు పోతుంటే అప్పుడు వాళ్లు మేల్కొన్నారు. డెల్టిక్ అని ఒక రకం ఉంది, 22 మాత్రమే చేశారు, ఒక్కో దాంట్లో రెండు నేపియర్ ఇంజన్లు, మొత్తం 3300 హార్స్ పవర్, నేవీ పడవల కోసం పుట్టిన ఇంజన్ తెచ్చి రైల్లో పెట్టారు. 1982 జనవరి 2న వాటి ఆఖరి ప్రయాణానికి లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్లో జనం ఎలా విరగబడ్డారో మా పెద్దాయన ప్రతి నెలా ఒకసారి చెప్పేవాడు, చెప్పినప్పుడల్లా జనం కొంచెం పెరిగేవారు. ఆ 22లో ఆరింటిని కాపాడుకున్నారు. మాది అంత గొప్ప బండి కాదు, వందల్లో ఒకటి. పాతికమంది చేరి, వాటాలు వేసుకుని, తుక్కువాడి చేతిలో పడకుండా కొన్నారు.

ఆ పాతికమందిలో శనివారం నిజంగా వచ్చేది ఏడెనిమిది మంది. రిటైరైన ఎలక్ట్రీషియన్, బస్సు డ్రైవరు, ఒక నర్సు, మీసాలు కూడా సరిగా రాని ఒక పిల్లాడు (అందరికంటే వాడికే ఎక్కువ తెలుసు), నేను. పెద్దాయన మాత్రమే అసలైన రైల్వే ఫిట్టరు. నాకేమో పేరు పెట్టి పిలవడానికి నోరు రాక "సార్" అంటే ఆయన వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూసేవాడు. పేరు పెట్టి పిలవడానికి రెండేళ్లు పట్టింది.

తిండి ఒక తంటా. పదిన్నరకు అందరికీ బేకన్ శాండ్‌విచ్‌లు వచ్చేవి. ఎన్ని తప్పులు చేసినా శనివారం నీసు ముట్టనని అమ్మకు మాటిచ్చాను. "ఏ మతం?" అని అడిగారు. మతం కాదు, వారం అని చెప్పాను. పిల్లాడు చాలాసేపు ఆలోచించి, మరి ఆదివారం పని పెట్టుకుంటే నీకు బేకన్ తినొచ్చా అన్నాడు. అప్పటి నుంచి నాకు వేరుగా చీజు, ఊరగాయ పెట్టిన శాండ్‌విచ్ వచ్చేది. వాళ్ల ఊరగాయ తియ్యగా ఉంటుంది, ఆ సంగతి వదిలేద్దాం.

నాకిచ్చిన మొదటి పని ఇంజన్ గది అడుగున పేరుకున్న జిడ్డు గీకడం. 40 ఏళ్ల నూనె, దుమ్ము, పిట్టల ఈకలు, ఎవరిదో 10 పెన్నీల నాణెం, అన్నీ కలిసి నల్లటి హల్వాలా గడ్డకట్టి ఉన్నాయి. మోకాళ్ల మీద కూర్చుని రేకుతో గీకి సంచుల్లో నింపడమే. ఆరు శనివారాలు అదే పని. తర్వాత తుప్పు. నీడిల్ గన్ అని ఒకటి ఉంటుంది, గాలి ఒత్తిడికి సన్నటి ఉక్కు సూదులు టకటకమని కొట్టి తుప్పు రాలుస్తాయి, గంట పట్టుకుంటే సాయంత్రం అన్నం ముద్ద నోటి దాకా రావడానికి చెయ్యి వణికేది. క్యాబ్ కిటికీల కింద రేకు చూడ్డానికి బాగానే ఉండేది, వేలితో నొక్కితే అప్పడంలా విరిగేది. పైన కప్పు లేదు. వాన పడితే పని బందు, మరి యార్క్‌షైర్‌లో వాన పడని శనివారం ఎన్నని!

నాన్నకు ఫోన్లో చెప్పాను.

"జీతమెంత ఇస్తరు?"

"ఏమియ్యరు నాన్నా. మనమే నెలకు పది పౌండ్లు కట్టాలె."

కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఫోను పక్కకు పెట్టి అమ్మతో అంటున్నది వినిపించింది, "ఇన్నవా, నీ కొడుకు పైసలిచ్చి ఖలాసీ పని చేస్తున్నడట."

నవ్వాడో, బాధపడ్డాడో తెలియలేదు. కానీ ఆ తర్వాతి ఆదివారం ఆయనే ఫోన్ చేసి "ఎందాక వచ్చింది?" అన్నాడు. అప్పటిదాకా మా ఇద్దరి మధ్య మాటలంటే తిన్నావా, పడుకున్నావా, చలి ఎట్లుంది, ఇంతే. ఇప్పుడు అరగంట, ముప్పావుగంట. ఇంజెక్టర్లు ఎలా పరీక్షిస్తున్నారు, క్రాంక్‌కేస్ తలుపుల రబ్బర్లు మార్చారా, బ్యాటరీలు ఎన్ని వోల్టులు. నాకు సగం అర్థమయ్యేది కాదు, శనివారం వెళ్లి ఆ మాటల్ని వెతుక్కునేవాణ్ని. మా నాన్న పని నేను నాన్న దగ్గర కాకుండా ఎవరో ఇంగ్లిష్ పెద్దాయన దగ్గర నేర్చుకుని, ఆ తర్వాత నాన్నతో మాట్లాడటం చిత్రంగా ఉండేది.

మూడో ఏడు ఇంజన్‌లో నీళ్లు నింపాం. మర్నాటికల్లా నీళ్ల మట్టం దిగిపోయింది, బయట ఎక్కడా చుక్క లేదు. అంటే లోపలికే పోతున్నాయి. నాన్నకు చెబితే ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "వాటర్ పంపు సీలు పోయుంటది, ఇంకేముంది" అన్నాడు. ఆయన గొంతులో అంత హుషారు చాలా ఏళ్లకు విన్నాను. శనివారం నేను కొంచెం గర్వంగానే మా నాన్న ఇలా అన్నాడని ప్రకటించాను. పెద్దాయన కాదనలేదు, మర్యాదగా పంపు దగ్గర విప్పి చూపించాడు. పొడిగా ఉంది. అప్పుడు ఇంజన్ కింది భాగంలో ఉండే క్రాంక్‌కేస్ తలుపులు తీసి, టార్చి, చిన్న అద్దం పెట్టి ఒక్కో సిలిండర్ కిందా వెతికాం. ఒక లైనర్ (పిస్టన్ ఆడే గొట్టం) కింద అంచున, ఒకే ఒక్క బొట్టు, పెరుగుతూ పెరుగుతూ మెరిసి, టప్‌మని అడుగున నూనె ఉండే సంపులో పడింది. మళ్లీ ఇంకోటి. నిమిషానికి ఒకటి కూడా కాదు. లైనర్ చుట్టూ ఉండే రబ్బరు రింగు ఎండిపోయింది, అంతే. ఆ అరచేతిలో పట్టే రబ్బరు ముక్క మార్చడానికి పైన హెడ్ ఊడదీసి, చైన్ బ్లాకుతో ఎత్తి, పిస్టన్ లాగి, లైనర్ బయటికి తీయాలి. మూడు నెలల శనివారాలు పోయాయి.

నాన్నకు చెప్పాను. కొంచెం సేపు ఆగి, "మా బండి కాదు గద" అన్నాడు. రెండు వారాలు ఇంజన్ సంగతి ఎత్తలేదు. చిన్నపిల్లాడిలా అలిగాడు.

2015లో స్టార్ట్ చేశాం. చేశాం అంటే రెండుసార్లు చేయలేకపోయాం, మూడోసారి అయ్యింది. ఇంత పెద్ద ఇంజన్‌ని కారులా తాళం తిప్పి లేపలేం. ముందు సిలిండర్లకుండే చిన్న కుళాయిల్లాంటి కాక్‌లన్నీ తెరిచి, చేత్తో మెల్లగా ఒక పూర్తి చుట్టు తిప్పాలి. ఏ సిలిండర్‌లోనైనా నీళ్లున్నాయంటే కాక్ లోంచి చిమ్ముతాయి, చూసుకోకుండా బటన్ నొక్కామా, నీళ్లు నలగవు కాబట్టి లోపల ఇనుమే వంగుతుంది. ఆ తర్వాత కాక్‌లు మూసి, ఆయిల్ పంపు నడిపి, ఒత్తిడి వచ్చాక అప్పుడు బటన్. బ్యాటరీల కరెంటు జనరేటర్‌కే ఇస్తే అది మోటారులా తిరిగి ఇంజన్‌ని తిప్పుతుంది. మొదటిసారి బ్యాటరీలు నీరసంగా మూలిగి ఆగిపోయాయి. రెండోసారి తిరిగింది గానీ అంటుకోలేదు. మూడోసారికి నా టెన్షన్ చూసి కాబోలు, నా చేతికి మంటలార్పే సిలిండర్ ఇచ్చి ఇక్కడే నిలబడు, కదలకు అన్నారు. రెండు చేతులూ దానికే సరిపోయాయి, ఫోను జేబులోనే ఉండిపోయింది. ఒక దగ్గు, రెండు దగ్గులు, తెల్లటి పొగ, తర్వాత ఎవరో లోపల్నుంచి తలుపు బాదుతున్నట్టు దడదడ, ఆ దడ ఒక్కసారిగా ఒకే గుర్రుగా మారింది. కాళ్ల కింద కంకర వణికింది. పెద్దాయన ఇంజన్ వైపు చూడలేదు, గడియారం వైపు, ఆయిల్ ప్రెషర్ వైపు మార్చి మార్చి చూస్తున్నాడు.

నాన్నకు పంపడానికి నర్సు ఫోన్లో తీసిన వీడియో దొరికింది. అందులో ఇంజన్ చప్పుడు వినపడదు, మేం అరిచిన అరుపులే వినిపిస్తాయి. "బండి స్టార్టయ్యిందా, ఎవరన్న పడ్డరా?" అన్నాడు నాన్న.

మరుసటి ఎండాకాలం అమ్మా నాన్నా లీడ్స్ వచ్చారు. జులైలో మంకీ క్యాపు పెట్టుకుని నాన్న ఆ సైడింగ్‌లో దిగాడు. అప్పటికి బండికి ఆకుపచ్చ రంగు, ముక్కు మీద చిన్న పసుపు పట్టీ వేసి, 60ల నాటి వేషం కట్టేశాం. నాన్న రంగు వైపు చూడనే లేదు. తిన్నగా కిందికి వంగి చక్రాల దగ్గర చూశాడు, లేచి క్యాబ్ ఎక్కాడు, సీట్లో కూర్చోకుండా నిలబడే పవర్ హ్యాండిల్ మీద చెయ్యి వేసి మెల్లగా జరిపాడు. మళ్లీ వెనక్కి తెచ్చి, మళ్లీ జరిపాడు.

"నాచ్‌లేవిరా?"

లేవు. ఇందులో హ్యాండిల్ టకటకా మెట్లు మెట్లుగా పడదు, గాలి ఒత్తిడితో ఎంత జరిపితే అంత పవర్. చెప్పాను. నాన్నకు నచ్చలేదు. "మరి ఎంతల ఉన్నమో డ్రైవర్‌కు ఎట్ల తెలుస్తది?" పెద్దాయన్ని అడిగితే ఆయన కరెంటు ఎంత పోతోందో చూపే ఆంమీటరు వైపు ఒక వేలు, తర్వాత తన చెవి వైపు ఒక వేలు చూపించాడు. నేను అనువాదం చేసేలోపే నాన్న తల ఊపేశాడు.

ఆ తర్వాత నా అవసరం వాళ్లకు పెద్దగా పడలేదు. ఇంజన్ గదిలో ఇద్దరూ ఒకరి వెనక ఒకరు, పక్కకు తిరిగి నడుస్తూ వెళ్లారు. నాన్న ఒక క్రాంక్‌కేస్ తలుపు కింద అంచున వేలు పెట్టి రాసి, వెలుతురుకు పెట్టి చూసుకున్నాడు. నూనె లేదు. ఆ వేలు పెద్దాయనకు చూపించాడు. ఆయన గొప్పగా నవ్వాడు. బయట షెడ్డు తలుపు మూసుకోకుండా పాత పిస్టన్ ఒకటి అడ్డం పెట్టి ఉంటే నాన్న దాని దగ్గర కూర్చుని, చెయ్యి చాచి పెట్టాడు. బొటనవేలు ఈ అంచున ఆనితే చిటికెనవేలు అవతలి అంచు దాకా పోలేదు.

"జానెడు మీద అంగుళం" అన్నాడు. సరిగ్గా పదంగుళాలు.

తిరుగు బండిలో చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుని, ఉన్నట్టుండి ఒక ఐదంకెల నంబరు చెప్పాడు. రిటైరయ్యే ముందు తను చివరిసారి హెవీ రిపేర్ చేసిన బండి నంబరట. తర్వాత దాన్ని కండెమ్ చేసి, తుక్కు కింద వేలంలో అమ్మేశారు, గ్యాస్ కట్టర్‌తో కోశారని షెడ్డులో ఉన్న పాత దోస్తు చెప్పాడట. నేను ఓదార్పుగా, ఢిల్లీ రైల్ మ్యూజియంలో మొట్టమొదటి డబ్ల్యూడీఎం-2ని పెట్టారు కదా నాన్నా, 18040 అన్నాను.

"అది నడుస్తదా?" అన్నాడు.

2018లో నేను హైదరాబాద్ వచ్చేశాను. కాజీపేట వైపు ఎప్పుడెళ్లినా ఇప్పుడంతా కరెంటు ఇంజన్లే, చల్లగా ఫ్యాన్ తిరిగినట్టు చప్పుడు చేసుకుంటూ పోతాయి, లెక్కపెట్టడానికి ఏమీ ఉండదు. లీడ్స్ స్నేహితుల నుంచి రెండు మూడు నెలలకొక ఉత్తరం వస్తుంది, ఏ పని అయ్యింది, దేనికి డబ్బు కావాలి అని. నాన్న దాన్ని నాతో చదివించుకుంటాడు, ప్రతి లైనూ తెలుగులో చెప్పాలి. మొన్న వచ్చినదాంట్లో చక్రాలు అరిగాయి, లేతు మీద పెట్టించాలి, వేరే ఊరికి లారీ మీద తీసుకెళ్తున్నాం అని ఉంది.

"దేని మీద?"

"పెద్ద లారీ మీద నాన్నా. బండినే ఎక్కించి తీస్కపోతరు."

రైలింజన్ను లారీ ఎక్కిస్తరట అని అమ్మను పిలిచి చెప్పాడు, వచ్చిపోయేవాళ్లకూ చెప్పాడు, వారం రోజులు నవ్వుతూనే ఉన్నాడు. ఆ నెల మాత్రం పది కాదు, ఇరవై పంపమన్నాడు.